పట్టాల్లేని లైను మీద నడుస్తున్నా, బావా

ఆష్‌బర్న్, వర్జీనియా

బావా,

నీ వాయిస్ మెసేజీలన్నీ విన్నాను. జవాబు కూడా అలాగే పెడితే నువ్వు సగం విని, మిగతాది భోజనం అయ్యాక వింటాననుకుని మర్చిపోతావు. అందుకే కాగితం పుచ్చుకున్నా. మావాడు ఫొటోలు తీసి పంపుతానన్నాడు. నీ కళ్లజోడు దొరక్కపోతే చెల్లెమ్మ చేత చదివించుకో. మధ్యలో నిద్రపోకు.

ఇక్కడ పొద్దు ఎలా పోతోందని కదా అడిగావు. రైలుకట్ట మీద పోతోంది. వేళాకోళం కాదు.

వచ్చిన కొత్తలో కోడలు చెప్పింది, ఇంటికి దగ్గర్లో మంచి ట్రెయిల్ ఉంది మావయ్యా, పొద్దున్నే నడిచిరండి అని. పార్కు కాబోలు అనుకుని వెళ్లా. ఓ ఫర్లాంగు నడిచేసరికే కాళ్లకి తెలిసిపోయింది, ఇది పార్కు కాదు, లైను. పీడబ్ల్యూఐగా, అంటే పట్టాలు చూసుకునే ఇన్‌స్పెక్టరుగా, ట్రాలీ మీదా కాలినడకనా సెక్షనంతా కొలిచినవాడికి వేరే బోర్డు చూపించాలా చెప్పు? పైన తారు పోశారు, నిజమే. కానీ ఆ కర్వు చూస్తే దొరికిపోతుంది. మామూలు రోడ్డు ఠక్కున తిరుగుతుంది. ఇది ఎక్కడా తిరగదు, అలా ఒదిగి ఒదిగి వెళ్తుంది. పల్లం తగిలితే కట్ట, మెరక తగిలితే కట్టింగు. ఊళ్ల దగ్గరకొచ్చేసరికి స్థలం కాస్త వెడల్పవుతుంది, అక్కడ బళ్లు ఒకదాన్నొకటి దాటుకోడానికి లూప్ లైను ఉండేదన్నమాట. నేను నిలబడి లెవెల్ చూస్తుంటే ఒక సైకిలువాడు వెనకనించి "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుచుకుంటూ దూసుకుపోయాడు. వీళ్లకి బెల్లు కొట్టడం కంటే అరవడమే ఇష్టం.

దీని పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్. ఇక్కడివాళ్లు డబ్ల్యూ అండ్ ఓడీ అంటారు. వాషింగ్టన్ పక్కన షర్లింగ్టన్ దగ్గర మొదలై, ఫాల్స్‌చర్చ్, వియన్నా, హెర్న్‌డన్, మా ఆష్‌బర్న్, లీస్‌బర్గ్ మీదుగా పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లు. పొడుగునా వంద అడుగుల వెడల్పు రైల్వే స్థలం, ఎక్కడా తెగకుండా. అర మైలుకో స్తంభం. మనం కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ తిరిగినట్టే నేనూ స్తంభాలు చూసుకుంటూ తిరుగుతున్నా. సాయంత్రం పూట అయితే ఆష్‌బర్న్ ముక్క మీద మన తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. పిల్లల్ని చూడ్డానికొచ్చిన మనలాంటి అమ్మానాన్నలంతా, చీర కింద స్పోర్ట్స్ బూట్లేసుకుని, ఏ ఊరండీ మీది అనుకుంటూ. వాళ్లలో ఒక్కరికి కూడా కింద రైలు నడిచిందన్న సంగతి పట్టదు. నేను చెప్పబోతే షుగర్ మాత్రల వైపు మళ్లించేస్తారు.

అందుకే నీకు చెప్తున్నా. నువ్వు తప్పించుకోలేవు.

దారి పొడుగునా బోర్డులున్నాయి, లైబ్రరీలో పుస్తకాలున్నాయి, హెర్న్‌డన్‌లో పాత స్టేషను బిల్డింగు మ్యూజియంగా ఉంది. అన్నీ చూశాక నాకర్థమైందేంటంటే, ఈ లైను పుట్టుకే బొగ్గు కోసం. 1847లో కంపెనీ పెట్టారు. పొటోమాక్ ఒడ్డునున్న అలెగ్జాండ్రియా రేవు వ్యాపారం బాల్టిమోర్ వైపు కొట్టుకుపోతోందని అక్కడి వర్తకుల బాధ. బాల్టిమోర్ వాళ్లకి అప్పటికే పెద్ద రైల్వే ఉంది, బాల్టిమోర్ అండ్ ఒహాయో. మనమూ బ్లూ రిడ్జ్ కొండలు దాటి హాంప్‌షైర్ జిల్లా బొగ్గు గనుల దాకా లైను వేసేద్దామనుకున్నారు. అందుకే దాని మొదటి పేర్లలో ఒకటి అలెగ్జాండ్రియా, లౌడన్ అండ్ హాంప్‌షైర్. 1860కి లీస్‌బర్గ్ చేరింది. చేరిన మరుసటేడే వీళ్ల అంతర్యుద్ధం.

ఇక్కడొక కథ ఉంది, నీకు తప్పకుండా నచ్చుతుంది. 1861 జూన్ 17న ఉత్తరం సైన్యం ఒహాయో సిపాయిల్ని బళ్లెక్కించి వియన్నా వైపు పంపింది. ఇంజను వెనక ఉండి బళ్లని ముందుకి తోస్తోంది. వియన్నా దగ్గర మలుపు తిరిగేసరికి దక్షిణాది వాళ్లు ఫిరంగులు పేల్చారు. సిపాయిలు దూకి చెట్లల్లోకి పరిగెత్తారు. డ్రైవరు ఏం చేశాడనుకున్నావ్? ఇంజను కప్లింగు తప్పించేసి, చక్కా వెనక్కి తోలుకుని అలెగ్జాండ్రియా వెళ్లిపోయాడు! ఎనిమిదిమంది చచ్చిపోయారు, మిగిలినవాళ్లు కాళ్లీడ్చుకుంటూ నడిచి తిరిగొచ్చారు. నేను ఆ మలుపు దగ్గర నిలబడి ఆలోచించా, మన పాత లోకో ఫోర్‌మన్ ఈ డ్రైవరుకి ఎన్ని పేజీల చార్జిషీటు రాసేవాడో అని.

యుద్ధంలో చాలా వంతెనలు పోయాయి. తర్వాత బాగుచేసుకుని, పేర్లు మార్చుకుని, చేతులు మారి, దివాళా తీసి, మళ్లీ చేతులు మారి నెమ్మదిగా పడమరకి పాకింది. పర్సెల్‌విల్, రౌండ్ హిల్, చివరికి 1900లో కొండ పాదం దగ్గర ఓ పల్లె. ఆ పల్లె పేరు స్నికర్స్‌విల్. వేసవి విడిదికి వచ్చే దొరసానులకి ఆ పేరు ఏం బాగుంటుందని బ్లూమాంట్ అని మార్చేశారు. అంతే, లైను అక్కడే ఆగిపోయింది. కొండ దాటలేదు. బొగ్గు మొహం చూడలేదు. మెయిన్ లైను అవుదామని బయల్దేరి, సదరన్ రైల్వేకి ఒక బ్రాంచిగా మిగిలింది.

బ్రాంచి లైను సంగతి నీకూ నాకూ ఎవరో చెప్పాలా? పాలక్యాన్లు, గడ్డిమోపులు, కోర్టు పనికెళ్లే రైతులు, స్కూలు పిల్లలు. లౌడన్ జిల్లా పాడికి పేరు. పొద్దున పితికిన పాలు ఈ లైను మీదే వాషింగ్టన్‌కి వెళ్లేవి. 1912లో జాన్ మెక్‌లీన్ అనే ఆయన దీన్ని సదరన్ దగ్గర లీజుకి తీసుకున్నాడు. వాషింగ్టన్ పోస్ట్ పేపరు ఆయనదే. ఆయనా, వెస్ట్ వర్జీనియా సెనేటరు ఎల్కిన్సూ కలిసి అప్పటికే గ్రేట్ ఫాల్స్ జలపాతానికి ఒక ట్రాము లైను నడిపారు. ఆ రెండూ కలిపి, పైన వైరు లాగి, కరెంటు బళ్లు పెట్టారు. కొన్నేళ్లు వెలిగింది. ఆ తర్వాత కార్లు, లారీలు. లైను పక్కనే లీస్‌బర్గ్‌కి రోడ్డు, రూట్ 7. రోడ్డు బాగుపడ్డకొద్దీ రైలు ఖాళీ.

ఒక్కసారిగా చావలేదు, కొసల నుంచి మొదలైంది. ముందు 1930ల్లో గ్రేట్ ఫాల్స్ ముక్క పోయింది, అది ఇప్పుడు ఓల్డ్ డొమినియన్ డ్రైవ్ అనే రోడ్డు. 1939కి బ్లూమాంట్ కొస తీసేశారు. 1941లో ప్రయాణికుల బండి ఆపేశారు. యుద్ధంలో పెట్రోలు కరువొచ్చి 1943లో మళ్లీ పెట్టారు. 1951 మే నెలతో అదీ అయిపోయింది. ఇక మిగిలింది గూడ్సు. డీజిలింజను, నాలుగు వ్యాగన్లు.

1956లో చెసపీక్ అండ్ ఒహాయో అనే పెద్ద రైల్వే ఈ చిన్నదాన్ని కొనుక్కుంది. ఎందుకో చెప్పుకో చూద్దాం. బొగ్గే! లైను దగ్గర్లో ఒక థర్మల్ ప్లాంటు వస్తుందని వాళ్ల ఆశ. వస్తే రోజూ బొగ్గు బళ్లే బళ్లు. ప్లాంటు రాలేదు. నూటపదేళ్లలో రెండుసార్లు బొగ్గుని నమ్ముకుని రెండుసార్లూ మునిగిన లైను నేను ఇంకెక్కడా వినలేదు. మధ్యలో ఇక్కడి డల్లస్ విమానాశ్రయం (టెక్సాస్ డాలస్ కాదు) కట్టేటప్పుడు ఇసుకా సిమెంటూ మోసి కాస్త సంపాదించింది. అంటే తన చావుకి తనే సాయం చేసిందని మావాడు జోకేశాడు. నేనొప్పుకోలేదు. విమానం వల్ల పాలబండి చావదు.

1965లో ఇక మాకొద్దు, ఎత్తేస్తామని కంపెనీ అర్జీ పెట్టింది. ఇక్కడే నాకు ఆసక్తి మొదలైంది. అమెరికాలో రైల్వేలు ప్రైవేటు కంపెనీలు కదా, నష్టమొస్తే తాళం వేసుకుని పోతారు, అడిగేవాడెవడు అనుకుంటాం మనం. అలా కుదరదు. 1920 చట్టం ప్రకారం లైను వదిలెయ్యాలంటే ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. జనానికి ఆ లైను అవసరం లేదని కంపెనీ రుజువు చెయ్యాలి. సరుకు తెప్పించుకునే వ్యాపారులకి అభ్యంతరం చెప్పే హక్కుంది. వ్యాపారులు చెప్పారు కూడా. మా కలపడిపోకీ, మా సిమెంటుకీ వేరే దారి లేదన్నారు. మెట్రో సంస్థ వాళ్లు ఆ దారిలో ప్రయాణికుల రైలు నడపొచ్చేమో చూసుకుంటాం, కాస్త ఆగండన్నారు. మూడేళ్లు సాగింది వ్యవహారం. మన ఫైళ్లేం పాపం చేశాయి మరి.

అయితే బావా, లెక్కలు చూస్తే నాకొకటి తట్టింది. గూడ్సులో నష్టం ఉన్నమాట నిజమే. కానీ అసలు విషయం కింద నేల. ఆర్లింగ్టన్ వైపు ముక్క హైవే వాళ్లకి కావాలి, ఐ-66 అనే రోడ్డుకి. మిగతా పొడుగంతా వర్జీనియా ఎలక్ట్రిక్ అనే కరెంటు కంపెనీకి కావాలి, స్తంభాలు పాతుకోడానికి. అంత పొడుగు నేల రైతుల దగ్గర ముక్కముక్కగా కొనాలంటే ఏళ్లు పడుతుంది. ఇది తయారుగా ఉంది. పైన నడిచే బండి కంటే కింద మన్నే ఖరీదైపోయింది. రైలుకి గిరాకీ లేక పోయిందని చరిత్రలో రాస్తారు, తప్పులేదు, కానీ కొనేవాడు గుమ్మంలో నిలబడ్డాక ఏ ఇంటాయన చూరు నేయించుకుంటాడు?

1968 ఆగస్టులో ఆఖరి బండి వెళ్లింది. తర్వాత పట్టాలు ఎత్తేశారు. మనం గుంటూరు వైపు మీటరు గేజి పట్టాలు ఎత్తించిన రోజులు గుర్తొచ్చాయి. వెయ్యడానికి ఎన్ని కొలతలు, ఎంత సుతారం! తియ్యడానికి ఓ క్రేనూ నలుగురు మనుషులూ చాలు. సాయంత్రానికి కంకర మీద స్లీపర్ల గుర్తులు మాత్రం ఉండేవి. అయితే మనం తీసింది పెద్ద గేజి వెయ్యడానికి, ఆ ధైర్యం మనకుండేది.

ఇప్పుడు నడుస్తుంటే తలమీద కరెంటు తీగలు గుయ్‌మంటూంటాయి. వాటి కంపెనీ పేరు ఇప్పుడు డొమినియన్. ఆష్‌బర్న్ చుట్టుపక్కల అంతా డేటా సెంటర్లే, కిటికీలు లేని గోడౌన్ల లాంటి బిల్డింగులు. మన పిల్లల ఫొటోలన్నీ అక్కడే ఎక్కడో ఉంటాయట. వాటి కరెంటు దాహం ఇంతా అంతా కాదు. జనం ఈ స్తంభాల్ని తిట్టుకుంటారు, చూపు చెడగొడుతున్నాయని. నాకు మాత్రం వాటి మీద గౌరవం. ఆ కంపెనీయే కొనకపోయుంటే ఈ స్థలం ముక్కలై, ఒకచోట పెట్రోలు బంకు, ఇంకోచోట ఇళ్ల ప్లాట్లు, మరోచోట ఎవడో కంచె వేసుకున్న పెరడు అయ్యుండేది. తీగకి మధ్యలో తెగని దారి కావాలి కనక దారి తెగలేదు. కింద మనుషులు నడవడానికి 1974లో ఫాల్స్‌చర్చ్‌లో ఒకటిన్నర మైలు ముక్క తెరిచారు. జనం ఎగబడ్డారు. తర్వాత ఇక్కడి ప్రాంతీయ పార్కుల సంస్థ మొత్తం కొనుక్కుని, 1988కి పర్సెల్‌విల్ దాకా పూర్తిచేసింది. తీగలకి హక్కు కరెంటు వాళ్లది, నేల పార్కు వాళ్లది. వియన్నా దాటాక పక్కన గుర్రాలకి వేరే మట్టి బాట కూడా ఉంది. గుర్రానికి కూడా, చూశావా.

అన్ని లైన్లకీ ఈ అదృష్టం లేదు. 1916లో ఈ దేశంలో దాదాపు 2,54,000 మైళ్ల రైలుదారి ఉండేదట. ఇప్పుడు అందులో లక్షకి పైగా మైళ్లు లేవు. చాలాచోట్ల స్థలం కంపెనీ సొంతం కాదు, రైలు నడిచినంతకాలం వాడుకోమని రైతు ఇచ్చిన హక్కు మాత్రమే. రైలు ఆగిందంటే నేల మళ్లీ రైతుదే, కట్ట దున్నేసుకుంటాడు. అది చూసి 1983లో ఒక చట్టం చేశారు. కంపెనీ ఒప్పుకుని, ఎవరైనా బాధ్యత తీసుకుంటే, ఆ లైనుని వదిలేసినట్టు లెక్కకట్టరు. పట్టాలు తీసి బాట వేసుకోవచ్చు, కానీ రేపు రైలు కావాలంటే మళ్లీ వేసుకునే హక్కు అలాగే ఉంటుంది. మా నేల మాకివ్వకుండా ఇదేం న్యాయమని వెర్మాంట్‌లో ఓ కుటుంబం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టం చెల్లుతుందనీ, నష్టపరిహారం కావాలంటే వేరే అడుగుకోవచ్చనీ 1990లో కోర్టు చెప్పింది. రైతు గోడు నాకు తెలుసు, మన స్థల సేకరణలప్పుడు చూడలేదా. అయినా నేను కోర్టు పక్షమే. కట్ట ఒకసారి పోయిందా, మళ్లీ కూడగట్టడం బ్రహ్మతరం కాదు.

ఇంతకీ ఆనాడు మెట్రోవాళ్లు చూస్తామన్న రైలు ఏమైందనుకున్నావ్? ఈ దారిలో రాలేదు. 2014లో సిల్వర్ లైను అని వేరేగా మొదలెట్టి, 2022 నవంబరుకి డల్లస్ మీదుగా ఆష్‌బర్న్ దాకా తెచ్చారు. రెండు విడతలకీ కలిపి దాదాపు ఆరువందల కోట్ల డాలర్లు. హెర్న్‌డన్, ఆష్‌బర్న్, పాత స్టేషన్ల పేర్లే కొత్త స్టేషన్లకీ. ఆ పాత లైనే ఉంచుకునుంటే ఇంత ఖర్చు ఉండేదా అని ఇక్కడ పాతకాపులు సణుగుతారు. వాళ్లతో కలిసి సణగాలని నాకూ ఉంటుంది, కానీ పీడబ్ల్యూఐ బుర్ర ఒప్పుకోదు. ఒకే లైను, అడుగడుక్కీ గేట్లు, పాలబండికి సరిపడే కర్వులు. దాని మీద ఈ కాలపు మెట్రో పరిగెత్తాలంటే ఎలాగూ సగం మళ్లీ కట్టాలి. పైగా అది విమానాశ్రయంలోకి వెళ్లదు, టైసన్స్ అనే చోట ఉన్న ఆఫీసుల మధ్యకీ వెళ్లదు. అదీగాక, ఐ-66 మధ్యలో ఆరెంజ్ లైను మెట్రో నడుస్తోంది. రోడ్డు కోసం లాక్కున్న వైపే రైలు తిరిగొచ్చి కూర్చుంది చూడు.

ఇదంతా చూస్తుంటే నాకు కాకినాడ నుంచి గోదారి ఒడ్డు దాకా వెళ్లే మన కోటిపల్లి లైనే కళ్లకి కడుతోంది. 1928లో వేశారు, 1940లో యుద్ధానికని పట్టాలు పీకి పట్టుకుపోయారు. పన్నెండేళ్ల ముచ్చట. మన చిన్నతనానికి రైలుకట్ట అని పేరే మిగిలింది, రైలు మన తాతల నోళ్లలో. మా తాత ద్రాక్షారామంలో ఎక్కి కాకినాడ వెళ్లొచ్చిన కథ ఎన్నిసార్లు చెప్పేవాడో నీకూ తెలుసు, ప్రతిసారీ టిక్కెట్టు ధర మారిపోయేది. అది మళ్లీ పడుతుందని ఎవడైనా అనుకున్నాడా? మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు పట్టుబట్టబట్టి కదా పని కదిలింది. పాపం, 2004లో బండి వచ్చేసరికి ఆయన లేరు. అరవై నాలుగేళ్ల తర్వాత పట్టాలు తిరిగొచ్చిన లైను గురించి ఇక్కడ ట్రెయిల్ మీద ఒక పెద్దాయనకి చెప్పాను. రైల్వే అభిమాని, టోపీ మీద ఇంజను బొమ్మ. నిలబడిపోయి, ఎన్ని మైళ్లు, ఏ గేజి, మధ్యలో ఎన్ని వంతెనలు అని వరసగా అడిగాడు. బండి రోజూ నడుస్తుందా అని కూడా అడిగాడు. నేను గోదావరి అందం గురించి చెప్పడం మొదలెట్టా. ఏం చెప్పను, నడిచింది రైలు బస్సు ఒక్క పెట్టె, అందులో కూడా మనుషుల కంటే సీట్లే ఎక్కువుండేవని చెప్పనా?

అదే నాకు భయం బావా. పట్టాలు వేసినంత మాత్రాన లైను బతికున్నట్టు కాదు. కోటిపల్లిలో ఆగిపోయే లైనుకి ఎప్పటికీ ఇదే గతి. బ్లూమాంట్‌కీ అదే అయింది, కొండ ముందు ఆగింది. మనది గోదారి ముందు ఆగింది. గౌతమి, వైనతేయ, వశిష్ట మూడూ దాటి నర్సాపురంలో కలిస్తేనే దానికి గూడ్సూ వస్తుంది, గౌరవమూ వస్తుంది. కొబ్బరికాయల లారీలన్నీ రావులపాలెం మీదుగా ఎందుకు తిరగాలి అప్పుడు?

కాబట్టి నీకో పని. ఈసారి కోటిపల్లి సోమేశ్వరుడి గుడికి వెళ్లినప్పుడు రేవులో పంటు ఎక్కి, గౌతమి మీద స్తంభాలు సరిగ్గా చూసిరా. మీదికి గడ్డర్లు ఎంతదాకా వచ్చాయి, అవతల ముక్తేశ్వరం వైపు కట్ట మట్టి పోశారా, పోస్తే రోలరు తిప్పారా లేక ఊరికే లారీల్లో కుమ్మరించి వదిలేశారా, అన్నీ రాయి. ఫొటోలు తియ్యి, కానీ నీ వేలు అడ్డం పెట్టకుండా. పేపర్లో వచ్చింది చెప్పకు, నువ్వు చూసింది చెప్పు.

మా ఆవిడ చెల్లెమ్మని అడిగినట్టు చెప్పమంది. మావిడికాయ ముక్కలు ఎండబెట్టి ఉంటే, మార్చిలో వచ్చే మా వియ్యంకుడి చేత పంపమంది. నీకు ఇక్కణ్నుంచి ఏం కావాలో రాయి. ఇంజను బొమ్మ టోపీ అయితే నేనే కొనేశాను, అడగక్కర్లేదు.

ఉంటా మరి,
నీ బావ